టీచరమ్మ వంటింటి కమాను

ఆ సున్నం నానబెట్టి నాలుగు రోజులే అయింది. పక్షం రోజులైందని సమ్మక్క మొగుడితో చెప్పింది. నోటి నుంచి ఊడిపడింది ఒక్క మాటే, కానీ ఇప్పుడు ఆ మాట మీద మూడు వందల ఇటుకలు నిలబడి ఉన్నాయి.

అసలీ గొడవంతా ఫ్లోరా టీచరమ్మ వంటింటి దగ్గర మొదలైంది. నాంపల్లి స్టేషను వెనక సందులో పాత ఇల్లు అది. పోలీస్ యాక్షన్ అయిన నాలుగేళ్లకు రైల్వే ఆఫీసు గుమాస్తా దేవకుమార్ దాన్ని కొన్నాడు. ఆయన భార్యే ఫ్లోరా. అబిడ్స్‌లో మిషన్ బడిలో పాఠాలు చెబుతుంది. ఇల్లు బాగానే ఉంది గానీ వంటిల్లు మాత్రం, రామ రామ, పట్టపగలు దీపం పెట్టుకుంటే తప్ప పప్పులో రాయి కనిపించదు. నేల మీద పొయ్యి, వంగి ఊదితే కళ్లనిండా పొగ. వండిన కూర ముందుగదికి చేరాలంటే పెరట్లోంచి తిరిగి రావాలి. వానాకాలంలో చారులో వాన నీళ్లు కలిసేవి. టీచరమ్మకు అది నచ్చలేదు. ఎవరికి మాత్రం నచ్చుతుంది?

ఆవిడ ముందు కాగితం మీద, తర్వాత సుద్దముక్కతో నేల మీద, తనకేం కావాలో మొత్తం గీసేసింది. నిలబడి వండుకోవడానికి నడుమెత్తు గట్టు. పొయ్యి మీద పొగగొట్టం. తూర్పు గోడకు కిటికీ. గిన్నెలకు గోడలోనే అద్దాల తలుపుల అల్మారా. వంటింటికీ పక్కగదికీ మధ్య గోడ కొట్టేసి అక్కడ విల్లులా వంగిన పెద్ద ఇటుకల కమాను. కమాను దాటగానే ఎనిమిది మంది కూర్చుని తినే బల్ల.

“నిలవడి వండుతరా అమ్మా? కాళ్లు గుంజవా?” అని సమ్మక్క మొదటిరోజు నవ్వింది.

“నడుము గుంజడం కన్నా నయం కదా సమ్మక్కా,” అని టీచరమ్మ కూడా నవ్వింది. సుద్దతో నేల మీద మూడు గుండ్రాలు చుట్టింది. “ఇదుగో, ఈ కుర్చీ మా అత్తయ్యకు. ఆవిడకు చూపు ఆనదు, కమాను కిందే కూర్చుంటే వంటింట్లోంచి నేను చేతికి అందిస్తాను. ఈ రెండూ పిల్లలవి. ఈస్టరు నాటికి అందరం ఇక్కడే కూర్చుని తినాలి.”

ఆ మూడు గుండ్రాలే తర్వాత సమ్మక్కను పీక్కుతిన్నాయి.

పని పట్టింది ఆమె మొగుడు రాజమల్లు మేస్త్రీ. మెదక్ వైపు పల్లె నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా పట్నంలో గోడలు కడుతున్నాడు. సిమెంటు కావాలంటే పర్మిట్టు కావాలి, పర్మిట్టు కోసం చెప్పులరిగేలా తిరగాలి. అందుకని అతను సున్నంతోనే కడతాడు. గోడ అతనిది, సున్నం సమ్మక్కది. కాల్చిన రాయిని గుంతలో పోసి, నీళ్లలో ఉడకనిచ్చి, పక్షం రోజులు నాననిచ్చి, ఆపైన ఇసుకా బెల్లం నీళ్లూ కలిపి వెన్నలా దంచాలి. పక్షం రోజులు ఎందుకంటారా? ఉడకని పలుకు ఒక్కటి మిగిలినా అది గోడలోకి వెళ్లాక నీరు తాగి ఉబ్బుతుంది. మామూలు గోడకైతే పొక్కు లేస్తుంది, గీకి పూసుకోవచ్చు. కమానులో అయితే ఇటుకనే బయటికి తోసేస్తుంది.

మొదటి గుంత సున్నం గట్టుకూ అల్మారాకూ సరిపోయింది. కమాను కోసం రెండో గుంత వెయ్యమని రాజమల్లు చెప్పిన రోజునే నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో ఆడవాళ్ల రోజు. పక్కింటి జంగమ్మ వచ్చి చెయ్యి పట్టి లాగింది. సమ్మక్క వెళ్లింది. ఇరవై ఏళ్లు సున్నంలో చేతులు కాల్చుకున్న మనిషి ఒక్కపూట గాజుల దుకాణాలు చూసి, రంగులరాట్నం ఎక్కి కేకలు పెడితే తప్పా? తప్పు కాదు. కానీ రాట్నం దిగేసరికి గుంత సంగతి తలలోంచి ఎగిరిపోయింది. మళ్లీ గుర్తొచ్చేసరికి పదకొండు రోజులు గడిచాయి. పరుగున పోయి గుంతలో రాయి పోసింది, నీళ్లు పోసింది. నాలుగో రోజున రాజమల్లు వచ్చి నిలబడ్డాడు.

“పక్షం అయిందానే?”

“ఔ,” అంది సమ్మక్క.

అతను చెయ్యి పెట్టి కూడా చూడలేదు. ఇరవై ఏళ్లలో ఆమె సున్నం ఒక్కసారి తప్పింది లేదు మరి.

నిజం చెప్పేస్తే పోయేది కదా అని మీకు అనిపించవచ్చు. రాజమల్లు తాగడు, జూదమాడడు, ఇంట్లో గింజలకు లోటు రానివ్వడు. వాడకట్టంతా మంచి మేస్త్రీ అంటుంది, మంచివాడే. పనిలో తప్పు కనిపిస్తే మాత్రం మనిషి మారిపోతాడు. గౌలిగూడలో ఒకసారి ఆమె గోడకు నీళ్లు కొట్టడం మరిచిపోయింది. అందరి ముందూ అతను కొట్టిన దెబ్బకు ఎడమ చెవి ఇప్పటికీ సరిగ్గా వినపడదు. ఆ సాయంత్రం అతనే మిఠాయి పొట్లం తెచ్చి పక్కన పెట్టాడు. పొట్లం విప్పి తినడానికి కూడా ఆమెకు భయమే వేసింది.

కమాను లేచింది. కింద కట్టెల ఆసరా, ఆసరా గుంజల అడుగున చెక్క చీలలు. ఇరవై ఒక్క రోజులు ఆరాక చీలలను సుత్తెతో కొట్టి జార్చి ఆసరా తియ్యాలి. ఈస్టరు ముందు శనివారానికి సరిగ్గా ఇరవై ఒకటి అవుతుంది. టీచరమ్మ వేళ్లమీద లెక్కబెట్టుకుని మురిసిపోయింది. సమ్మక్క కూడా లెక్కబెట్టుకుంది.

తొమ్మిదో రోజున కమాను లోపలి అంచున పెసరగింజంత పొక్కు కనిపించింది. చుట్టూ ఎవరూ లేరని చూసి గోటితో గిల్లింది. తెల్లటి పొడి రాలింది. తడి సున్నం ఇంత తీసి ఆ గుంటలో మెత్తి, చీరచెంగుతో నున్నగా తుడిచేసింది. పన్నెండో రోజుకు మూడు పొక్కులు. పదహారో రోజుకు ఆమె పొక్కులు లెక్కపెట్టడం మానేసింది.

“చెప్పెయ్యరాదే,” అంది జంగమ్మ, కుళాయి దగ్గర ఈ మాటంతా విని. “ఏమంటడు? నాలుగు తిడ్తడు.”

“నీకేందే, నీ మొగడు నవ్వుతడు,” అంది సమ్మక్క. జంగమ్మ నిండిన బిందె ఎత్తుకుని పోయింది.

చెప్పాలని చూడకపోలేదు. ఒకరోజు అతను అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుంది. నోరు తెరిచింది.

“ఏందే గట్ల జూస్తున్నవు?”

“ఉప్పు సరిపోయిందా?”

“సరిపోయింది,” అని అతను మజ్జిగ పోసుకున్నాడు.

పోనీ అని టీచరమ్మను పట్టుకుంది. “అమ్మా, ముసలమ్మ కుర్చీ జర దూరం జరుపుండ్రి.”

“ఎందుకు సమ్మక్కా?”

“పొగ గొడ్తది.”

“పొగగొట్టం పెట్టించింది అందుకే కదా!” అని టీచరమ్మ ఆమె భుజం తట్టి బడికి పోయింది. ఏం చెయ్యమంటారు? ఆ బల్ల కూడా వచ్చేసింది. సుద్దగీతల మీదే తెచ్చి వేశారు. ముసలమ్మ మనవళ్ల చెయ్యి పట్టుకుని తన కుర్చీలో కూర్చుని చూసింది, బల్లను రెండు చేతులతో తడిమింది, “వంటింటి వేడి ఇక్కడికి తగులుతుందే అమ్మాయ్, బాగుంది,” అంది. సమ్మక్క సున్నపు తట్ట ఎత్తుకుని పెరట్లోకి పోయింది.

అసలు భయం ఇంకొకటి ఉంది. రాజమల్లుకు పని నేర్పిన పెద్ద మేస్త్రీ పెట్టిన కట్టుబాటు అది. కమాను కట్టినవాడే ఆసరా తీసేటప్పుడు దాని కింద నిలబడాలి. తన కమాను కింద తను నిలబడలేని వాడు ఇంకొకరిని దాని కింద నడవమని ఎట్లా అంటాడు? రాజమల్లు ఇంతవరకు కట్టిన ప్రతి కమాను కిందా రొమ్ము విరుచుకుని, తల పైకెత్తి నిలబడ్డాడు. ఆ శనివారం కూడా నిలబడతాడు. అతనంటే ఆమెకు ఎంత భయమో, అతను లేకపోతే ఏమౌతానో అన్నది అంతకు మించిన భయం. రెండు భయాల మధ్య ఆమెకు ముద్ద దిగలేదు, కన్ను మూతపడలేదు.

శనివారం పొద్దున అతను తలకు రుమాలు చుట్టుకున్నాడు.

“సుల్తాన్ బజార్‌కు పోయి కొబ్బరికాయ, అల్మారాకు కొండి తీస్కొస్త. నేనొచ్చినంక ఆసరా ఇప్పుదాం. గాడ ఎవ్వర్నీ రానియ్యకు.”

“మంచిది,” అంది సమ్మక్క.

టీచరమ్మ పిల్లల్ని, అత్తగారిని తీసుకుని పెరట్లో రేపటి వంటకు బియ్యం ఏరుతోంది. దేవకుమార్ ఆఫీసుకు పోయాడు. వంటింట్లో తూర్పు కిటికీ నుంచి ఎండ వచ్చి కొత్త గట్టు మీద పడుతోంది. ఎంత బాగుందో ఆ గది! పొగమరక లేదు, చీకటి లేదు. సమ్మక్క ఒక్క నిమిషం నిలబడి చూసింది. తర్వాత బల్లను, ముసలమ్మ కుర్చీని, పిల్లల కుర్చీలను ఒక్కొక్కటే గది అవతలి గోడదాకా లాగింది. సుత్తె తీసుకుని కమాను కిందికి వెళ్లింది.

పడితే నా మీద పడుతుంది. పడకపోతే అతను వచ్చేసరికి పని అయిపోయి ఉంటుంది, అడిగితే తొందరపడ్డానంటాను. ఇంతకు మించి ఆమెకు ఏమీ తోచలేదు. ఇదేం తెలివి అని మనం అనుకోవచ్చు గానీ, భయంతో మూడువారాలు నలిగిన బుర్రకు ఆమాత్రం తోచడమే ఎక్కువ.

ఎల్లమ్మ తల్లిని తలుచుకుని మొదటి చీలను కొట్టింది. కదల్లేదు. ఇంకోసారి. జారింది. అటు గుంజ దగ్గరికి పోయి రెండోది కొట్టింది. ఆసరా వేలెడు కిందికి దిగింది.

కమాను దిగలేదు.

సమ్మక్క తల పైకెత్తింది. ఇటుకలు అలాగే ఉన్నాయి. అమ్మయ్య అనుకునేలోపల ముక్కు మీద ఏదో రాలింది. తుడుచుకుంది, తెల్లటి పొడి. మళ్లీ రాలింది. పైన ఎక్కడో పళ్లు కొరికినట్టు చిన్న చప్పుడు. నడిమి ఇటుక అంగుళం కిందికి జారి, ఆగింది. పారిపోవాలని ఆమెకు తెలుస్తూనే ఉంది. అయినా సుత్తె పట్టుకుని అక్కడే నిలబడింది.

“ఏం జేస్తున్నవే గాడ!”

గుమ్మంలో రాజమల్లు. ఆమె ముఖం చూశాడు, పైన జారిన ఇటుకను చూశాడు. చేతిలో కొబ్బరికాయ ఎక్కడ పారేశాడో, రెండంగల్లో వచ్చి ఆమె జబ్బ పట్టుకుని అవతలికి ఒక్క గుంజు గుంజాడు. ఇద్దరూ గట్టుకు కొట్టుకుని పడ్డారు. వెనక కమాను నడుము విరిగి, వదులైన ఆసరాను కూడా విరుచుకుంటూ, ఇటుక మీద ఇటుక, ధభీమని కూలింది. దుమ్ములో కిటికీ కూడా కనిపించలేదు.

“అయ్యో ప్రభువా! రాజమల్లూ! సమ్మక్కా!” టీచరమ్మ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఆవిడ వెనకనే పిల్లల ఏడుపు. “ఎవరికైనా తగిలిందా? ఏమైంది?”

రాజమల్లు లేచాడు. కూలిన కుప్పలోంచి ఒక ఇటుక తీసి, దానికి అంటుకున్న సున్నాన్ని వేళ్లతో నలిపాడు. ఉడకని పలుకులు చేతిలో గరగరలాడాయి. సమ్మక్క గట్టు పక్కన నేల మీద కూర్చుని అతని వేళ్లనే చూస్తోంది.

“తప్పు నాదే అమ్మా,” అన్నాడు టీచరమ్మతో. “సున్నం జూస్కోలె. మల్ల కట్టిస్త. పిల్లల్ని గీడికి రానియ్యకుండ్రి.”

టీచరమ్మ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. ఏమర్థమైందో, ఇంకేమీ అడక్కుండా పిల్లలను తీసుకుని వెళ్లిపోయింది.

“ఎన్ని దినాలు నానింది?” అన్నాడు రాజమల్లు.

“నాలుగు.”

“నన్ను నిలవడనియ్యొద్దని నువ్వు నిలవడ్డవా?”

ఆమె తల ఊపింది. కనుబొమ్మ మీద ఎక్కడో చీరుకుపోయింది. రక్తం సున్నపు పొడితో కలిసి కంట్లోకి దిగుతోంది. రాజమల్లు తల రుమాలు విప్పి, దగ్గరికి వచ్చి, అది తుడుద్దామని చెయ్యి ఎత్తాడు.

సమ్మక్క కళ్లు గట్టిగా మూసుకుంది. రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని గట్టు మూలకు ముడుచుకుపోయింది.

అతని చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“సమ్మక్కా,” అన్నాడు. “నెత్తి మీద ఇటుకలు కదుల్తుంటె కదలకుండ నిలవడితివి. దానికన్న నేనే ఎక్కువ భయమా నీకు?”

ఆమె చేతుల చాటునుంచే, కళ్లు తెరవకుండానే, “ఔ,” అంది.

రాజమల్లు ఎత్తిన తన చేతిని మెల్లగా దించాడు. దించిన తర్వాత దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.