కప్పకు బాప్తిస్మం

పిల్లలు ఆదివారం బట్టలు వేసుకుని వచ్చారు. అడవి అంచున ఉన్న ఆ పరిశోధన కేంద్రానికి ఎప్పుడూ బురద బూట్లతో, ముళ్ళకు చిరిగిన చొక్కాలతో వచ్చే పిల్లలు. సోయిలా టీచర్ కూడా పెట్టె అడుగు నుంచి తెల్ల శాలువా తీసి కప్పుకుంది.

బల్ల మీద ప్లాస్టిక్ సంచి ఉంది. అందులో తడి ఆకుల మీద బొటనవేలి గోరంత కప్ప. వీపు లేత పచ్చన. పొట్ట కింద చర్మం అద్దంలా ఉంది. సంచి ఎత్తి చూస్తే ఎర్రటి గుండె కొట్టుకోవడం కనిపిస్తోంది. నిన్న సాయంత్రం వాగు ఒడ్డున ఆకు అడుగున దాన్ని పట్టుకున్నది నార్సిసా. శనివారం వచ్చిందంటే చాలు, బడి పిల్లలంతా వలంటీర్లుగా ఆ వాగు వెంట దీని కోసమే వెతికేవారు.

పొయ్యి మీద బెల్లం నీళ్ళు మరుగుతున్నాయి. తల్లులు జున్ను రొట్టెలు కట్టి పంపారు.

"చిల్లర! చిల్లర!" అని బైరన్ బల్ల చుట్టూ గంతులు వేశాడు. "డాక్టర్, కప్పకు పేరు పెట్టేది మీరేగా, మీరే జ్ఞానతండ్రి! బాప్తిస్మం అయ్యాక చిల్లర చల్లకపోతే గుమ్మం దాటనివ్వం."

"ఈయన దగ్గర చిల్లరెక్కడిదిరా," అంది నార్సిసా. "జేబు దులిపితే బల్లులు రాల్తాయి."

అందరూ నవ్వారు. డాక్టర్ ఫౌస్తో నవ్వలేదు. ఆయన కెమెరా తుడుచుకుంటున్నాడు.

ఆ కప్ప గొంతు ఈ లోయలో మొదట విన్నది యాదిరా. 'ఎవరో ఈల మొదలుపెట్టి, సిగ్గుపడి ఆపేసినట్టు ఉంది' అని బడి గోడపత్రికలో రాసింది. ఆ వాక్యం చదివి, కప్పల మీద పరిశోధన చేసే ఫౌస్తో పట్నం నుంచి వచ్చాడు. అలా అరిచే కప్ప ఇంతవరకు ఎవరికీ తెలియదన్నాడు. ఆయన వచ్చేనాటికి యాదిరా లేదు. వానల్లో కొండచరియ విరిగి పాలబండి మీద పడింది. ఆ పిల్ల అందులో ఉంది.

సోయిలా టీచర్ ఇప్పటికీ హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు ఉండాల్సిన చోట ఒక క్షణం ఆగుతుంది. ఆగి, తరువాతి పేరు పిలుస్తుంది. కప్ప దొరికితే యాదిరా పేరు పెడతారా అని డాక్టర్‌ను అడిగింది ఆమే. తప్పకుండా అన్నాడు. పేరుంటే వాగుకూ మంచిదన్నాడు. ఇక్కడున్న ప్రాణులన్నీ వేరేచోట కూడా ఉన్నాయి కాబట్టి తవ్వుకోనివ్వండని రాగి గని కంపెనీ కోర్టుకెక్కింది. వచ్చే నెలలో విచారణ. ఇంకెక్కడా లేని ప్రాణి ఒకటి ఉందని రుజువైతే తవ్వకం ఆగుతుంది.

ఫోటోలు అయ్యాయి. డాక్టర్ చేతి తొడుగులు వేసుకుని, చిన్న గాజుసీసా, దారం, ఒక ట్యూబు తీసి బల్ల మీద వరసగా పెట్టాడు.

"ఈ ట్యూబు మా అమ్మమ్మ వాడేది," అన్నాడు బైరన్. "పంటినొప్పి మందు. కప్పకి పళ్ళు నొప్పా డాక్టర్?"

ఫౌస్తో టీచర్ వైపు చూశాడు. "పిల్లల్ని కాసేపు బయటికి పంపుతారా టీచర్?"

"ఎందుకు? పేరు పెట్టేది చూడ్డానికేగా వచ్చారు."

ఆయన ముఖం పాలిపోయింది. "మీకు తెలుసనుకున్నాను."

"ఏమిటి?"

"కొత్త జాతికి పేరు పెట్టాలంటే ఒకదాన్ని మ్యూజియంలో ఉంచాలి. సీసాలో. ఎప్పుడు ఎవరికి అనుమానం వచ్చినా దాన్నే తీసి చూస్తారు." ట్యూబును వేలితో తాకాడు. "ఇది పొట్టకు రాస్తే..."

బెల్లం నీళ్ళు పొంగి పొయ్యిలో పడ్డాయి. ఎవరూ దించలేదు.

"చంపుతారా?" అంది నార్సిసా. గొంతు చాలా మామూలుగా వచ్చింది. "పేరు పెట్టడానికి చంపుతారా?"

"ఫోటోలున్నాయి కదా," అన్నాడు బైరన్. "ఇందాకేగా అన్ని తీశారు!"

"పక్క లోయ కేసులో ఫోటోలే చూపించాం బాబూ. ఇది మామూలు కప్పే, వెలుతురు తేడా అని వాళ్ళ వకీలు నవ్వాడు. ఇప్పుడక్కడ రోడ్డు వేస్తున్నారు."

"ఇలాంటివి ఇంకా ఉన్నాయా?" అని అడిగింది సోయిలా టీచర్.

"ఉండాలి."

"ఉన్నాయా అని అడిగాను."

"మనం విన్నది ఒక్క గొంతే టీచర్."

ఆమె కూర్చుంది. పేరు పెట్టడమంటే నీళ్ళు, ప్రార్థన, రొట్టెలు అనుకుంది. ఈ పిల్లలకు అలాగే చెప్పింది. ఆమె మాట నమ్మే వాళ్ళు తలలు దువ్వుకుని వచ్చారు. బల్ల మీద దారం పక్కన చిన్న అట్టముక్క ఉంది. దాని మీద అంకె.

"ఇదెక్కడ కడతారు?"

"కాలికి," అన్నాడు ఫౌస్తో మెల్లగా.

కొండచరియ విరిగిన రోజు పట్నం ఆసుపత్రిలో యాదిరా తల్లి లోపలికి వెళ్ళలేకపోతే, గుర్తుపట్టడానికి సోయిలా టీచరే వెళ్ళింది. దుప్పటి బయట పాదం. బొటనవేలికి దారంతో కట్టిన అట్టముక్క. ముఖం చూపించకముందే ఆమెకు తెలిసిపోయింది. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు. రెండు చేతులూ శాలువా కిందికి లాక్కుంది.

నార్సిసా సంచిని గుండెకు హత్తుకుని గుమ్మం దగ్గర నిలబడింది. "వదిలేద్దాం టీచర్. పట్టుకున్నది నేను. ఇది నన్ను నమ్మి నా చేతికి వచ్చింది."

"వదిలేయొచ్చు," అన్నాడు ఫౌస్తో. "బలవంతం చేయను. నాకూ చేతులు రావు. ప్రతిసారీ ఇంతే."

"యాదిరా ఉంటే ఒప్పుకునేదా?" అని టీచర్‌ను నిలదీసింది నార్సిసా. "చెప్పండి. మీకు దాని సంగతి తెలుసుగా."

ఔననో కాదనో ఏదో ఒకటి చెప్పి పిల్లను ఊరుకోబెట్టడం ఆమెకు తేలిక. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పనే.

"తెలీదమ్మా," అంది. "అడగడానికి అది లేదు కదా."

ఆ అమ్మాయి కళ్ళు నిండాయి.

సోయిలా టీచర్ లేచి పొయ్యి మీది గిన్నె దించింది. కాలిన వాసన గదంతా నిండింది. కిటికీలోంచి చూస్తే వాగు కనపడదు, చప్పుడే. ఆ చప్పుడు కింద ఇంకెన్ని గొంతులున్నాయో, వాటికి పేర్లున్నాయో లేవో ఆమెకు తెలియదు. తవ్వకం మొదలైతే తెలిసే అవసరం కూడా ఉండదు.

"కానివ్వండి డాక్టర్," అంది. "పేరు మాత్రం యాదిరాది వద్దు."

"టీచర్! మీరే కదా..." అన్నాడు ఫౌస్తో.

"నేనే అడిగాను. వద్దంటున్నాను. ఇంకే పేరైనా పెట్టుకోండి."

"మీరు కూడానా?" అంది నార్సిసా. ఏడుపు కోపంగా మారింది. "చంపుతారు, యాదిరా పేరూ తీసేస్తారు! వాగు గురించి ముందు రాసింది అదేగా. దీన్ని విన్నది అదేగా. పేరు పెట్టకపోతే ఇక మనకి మిగిలేదేంటి, సీసాలో కప్పా?"

టీచర్ కాలిన గిన్నెలో నీళ్ళు పోసింది.

"పెట్టండి," అంది ఆ పిల్ల ముక్కు తుడుచుకుంటూ. "దాని పేరే పెట్టండి. కానీ ఇది నా చేతిలోనే ఉండాలి. బల్ల మీద కాదు. తర్వాత గోడపత్రికలో నేనే రాస్తాను. ఆ మందు సంగతీ, దారం సంగతీ, అన్నీ."

"ఊళ్ళో వాళ్ళు తిడతారే," అన్నాడు బైరన్.

"తిట్టనీ."

సోయిలా టీచర్ ఫౌస్తోకు తలూపింది.

ఆయన నార్సిసాకు తొడుగు ఇచ్చాడు. కప్పను ఆమె అరచేతిలో వెల్లకిలా పెట్టి, చిటికెన వేలి కొసతో మందు రాశాడు. "నొప్పి ఉండదు. నిద్రలాగే..."

"పిల్లల ముందు నిద్ర అనకండి," అంది సోయిలా టీచర్.

ఎవరూ బయటికి వెళ్ళలేదు. ఆ అద్దంలాంటి చర్మం కింద ఎర్రటి చుక్క కొట్టుకోవడం అందరికీ కనిపించింది. నెమ్మదించడం కనిపించింది. ఆగడం కూడా కనిపించింది. బైరన్ టోపీ తీశాడు.

"టీచర్," అంది నార్సిసా, చేయి కదపకుండా. "మొదటి వాక్యం ఏమని రాయాలి? డాక్టర్ పుస్తకాల్లో 'నమూనా సేకరించాం' అని ఉంటుంది. 'చనిపోయింది' అననా, 'చంపాం' అననా?"

"చంపాం," అంది సోయిలా టీచర్. కొంచెం ఆగి, "యాదిరా పేరు పెట్టడానికి చంపాం," అంది.

నార్సిసా తలూపింది. దారం పట్టుకుని డాక్టర్ పక్కనే నిలబడి ఉన్నాడు. కప్ప ఉన్న చేయి ఆమె ఇంకా ఆయన వైపు చాపలేదు.