నోరు సన్యాసిరావుది, అలుపు నాది

నేను ఒక మైకును. విశాఖలో ఊరు చూపించే బస్సులో, డ్రైవరు వెనకాల కొక్కేనికి వేలాడుతూ పదకొండేళ్లు పనిచేశాను. పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో. అక్కడెవరో నాలోకి "హలో, హలో" అని పెట్టెలో పడేశారు. ఆ తర్వాత నా బతుకంతా గైడు సన్యాసిరావు నోటిముందే గడిచింది.

పొద్దున పాత లైట్‌హౌసు, భీమిలిలో డచ్చివారి సమాధులు, మధ్యాహ్నం తొట్లకొండ బౌద్ధారామం, సాయంత్రం కైలాసగిరి. రోజూ అవే మాటలు, అవే హాస్యాలు. రెండువేల ఏళ్లనాటి ఇటుకల ముందు నిలబడి "ఇక్కడ టీ దొరుకుతుందా?" అని అడిగే జనం. నాకు విసుగొచ్చేది. సన్యాసిరావుకి రాలేదు. వస్తే ఇల్లు గడవదు.

పోయిన వేసవిలో ఆయన గొంతు బొంగురుపోయింది. యజమానికి తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని మిరియాల కషాయం తాగుతూ నెట్టుకొచ్చాడు. ఒకరోజు కైలాసగిరి ఎక్కేముందు నన్ను పట్టుకుని నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. బస్సంతా ఆయన మొహంకేసి చూస్తోంది. డ్రైవరు గురువులు బండి పక్కకు ఆపి, నన్ను లాక్కుని, పదకొండేళ్లుగా విన్నదంతా పొల్లుపోకుండా అప్పజెప్పేశాడు.

"ఈ కొండమీంచి సూస్తే సముద్రం మన ఇంటి వాకిట్లో ఉన్నట్టుంటాది. ఒరే గురువులూ, మలుపొచ్చింది, మెల్లగా పోనీరా!"

ఆపిన బండిలో తనని తానే కేకేసుకున్న డ్రైవర్ని చూసి జనం పడీపడీ నవ్వారు. సన్యాసిరావూ నవ్వాడు, చప్పుడు లేకుండా. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

సంగతి దాగలేదు. యజమాని మాటలన్నీ ముందే నింపిన రికార్డు పెట్టె బిగించి, నన్ను డ్రైవరు పక్కనున్న మూతలేని పానాల డబ్బాలో పడేయించాడు.

"ఆయన్ని ఒగ్గీకండి బావూ! జనాన్ని ఎక్కించి దింపడానికైనా ఉంటాడు" అని గురువులు బతిమాలాడు. నెల్లాళ్లు చూద్దామన్నాడు యజమాని.

పెట్టె గొంతు తీయన. దగ్గదు, అలవదు. బండి ఎటు తిరిగిందో మాత్రం దానికి తెలియదు. నిన్న కైలాసగిరి దిగుతుంటే, "మీ ఎడమవైపు అందమైన సముద్రం" అంది. ఎడమవైపు ఉన్నది కొండరాయి. జనం బుద్ధిగా రాయినే చూశారు. ఇద్దరు ఫొటోలు కూడా తీశారు.

సన్యాసిరావు లేచి నిలబడ్డాడు. సముద్రం వైపు చెయ్యి చాచాడంతే. బస్సంతా అటు తిరిగింది. నెల నిండిందని లెక్క తేల్చడానికి వచ్చి వెనక సీట్లో కూర్చున్న యజమాని కూడా, అప్పటిదాకా చూస్తున్న రాయిని వదిలి, అటే తిరిగాడు.