డ్రిల్లు మాస్టారి లారీ ట్యూబు

నేను ఒక లారీ ట్యూబును. గాలి నింపితే నల్లగా, గుండ్రంగా, కాస్త దర్జాగా కనిపిస్తాను. గాలి తీస్తే నన్ను ఎవరూ రెండోసారి చూడరు. పుట్టింది ఒక రబ్బరు ఫ్యాక్టరీలో. అచ్చులో ఉడికించి, నీళ్లతొట్టిలో ముంచి, బుడగలు రావడం లేదని రూఢి చేసుకుని ముద్ర వేశారు. నన్ను అంత శ్రద్ధగా పరీక్షించడం అదే మొదలు, అదే ఆఖరు.

తరవాత ఆరేళ్లు ధాన్యం లారీ వెనక చక్రంలో ఉన్నాను. ఆంధ్రదేశమంతా తిరిగానంటే అబద్ధం కాదు. చూశానంటే మాత్రం అబద్ధం. మూడు పంక్చర్లయ్యాక లారీవాళ్లు నన్ను వదిలించుకున్నారు. తణుకులో పంక్చరు షాపు మస్తాన్ నాకు నాలుగో అతుకు కూడా వేసి గోడమేకుకి తగిలించాడు.

ఒక మే నెల ఉదయం అక్కడికి హైస్కూలు డ్రిల్లు మాస్టారు వెంకటరత్నం గారు, ఆయన భార్య అలివేలు వచ్చారు. కూతురు సెలవులకి అమ్మమ్మగారి ఊరు వెళ్లిందట. పెళ్లయిన పద్దెనిమిదేళ్లకి ఇద్దరే నాలుగు రోజులు మారేడుమిల్లి అడవుల్లో తిరిగి, వాగుల్లో స్నానాలు చేసి రావాలని ముచ్చటపడ్డారు. వాళ్ల వ్యానులో స్కూలు స్కౌట్ల గుడారం, స్టవ్వు, ఆవకాయ జాడీ అప్పటికే ఎక్కి ఉన్నాయి.

"ట్యూబు మీకెందుకండీ మాస్టారూ?" అన్నాడు మస్తాన్.

"నాక్కాదయ్యా, మా ఆవిడకి."

ఆవిడ గోదావరి లంకలో పుట్టిన మనిషని, ఎనిమిదో ఏట నుంచే నదిపాయ ఈదేదని నాకు తరవాత తెలిసింది. కాపురానికి వచ్చిన కొత్తలో కాలవలో ఈతకి దిగబోతే మాస్టారు ఆపారట. "మా ఇంట్లో ఆడవాళ్లు కాలవల్లో దిగరు" అన్నారట. ఆవిడ ఆనాడే మానేసింది.

మొదటి రెండు రోజులు హాయిగా గడిచాయి. వండుకున్నారు, తిన్నారు, చెట్ల నీడన చాప పరుచుకుని పడుకున్నారు. వాగులో మోకాలి లోతుకి మించి ఎవరూ దిగలేదు. మూడో రోజు ఒక మడుగు దగ్గర ఆగారు. నీళ్లు పచ్చగా, కదలకుండా ఉన్నాయి. అలివేలు చీలమండల దాకా దిగి నిలబడిపోయింది. చాలాసేపు నీళ్లనే చూసింది.

"ముందు నేను లోతు చూసొస్తాను" అన్నారు మాస్టారు. మెడలో విజిలు వేసుకునే నా మధ్యన కూర్చున్నారు. చేతులతో తోసుకుంటూ మడుగు నడిమికి వెళ్లారు. ఎంత ధీమాగా వెళ్లారంటే నాకు కూడా ధైర్యం వచ్చింది.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. నా నాలుగో అతుకు ఊడింది.

గాలి బుసబుసమని పోయింది. మాస్టారు నడుము దాకా, ఆపైన గడ్డం దాకా దిగిపోయారు. కేక వెయ్యడానికి నోరు తెరిస్తే నీళ్లు వెళ్లాయి. విజిలు దొరకపుచ్చుకుని ఒక్కసారి ఊదారు. ఇన్నేళ్లూ ఆ విజిలు విని పిల్లలు పరుగెత్తేవారు. ఈసారి అలివేలు పరుగెత్తింది. కుచ్చెళ్లు దోపుకుని దూకి, ఆరు బారల్లో వచ్చి, వెనకనుంచి ఆయన జుట్టు పట్టుకుంది. మరో చేత్తో ఈదుకుంటూ ఒడ్డుకి లాక్కెళ్లి ఇసకలో పడేసింది. నేను నీళ్లలోకి వంగిన ఒక కొమ్మకి చిక్కుకుని అంతా చూస్తున్నాను.

మాస్టారు నీళ్లు కక్కుకుని, ఊపిరి కుదుటపడ్డాక, తల వంచుకునే అన్నారు.

"నాకు ఈత రాదు అలివేలూ. నువ్వు దిగితే నన్నూ దిగమంటారని... అప్పుడు నిన్ను వద్దన్నాను. అంతే. మా ఇంట్లో అలాంటి పద్ధతేం లేదు."

ఆవిడ జుట్టు పిండుకోవడం ఆపింది.

"పద్దెనిమిదేళ్లండీ" అంది.

లేచి నీళ్లలోకి వెళ్లింది. అవతలి ఒడ్డు, ఇవతలి ఒడ్డు, మళ్లీ అవతలి ఒడ్డు. మధ్యాహ్నం దాటేదాకా ఈదుతూనే ఉంది. మాస్టారు ఎవరూ చెప్పకుండానే స్టవ్వు వెలిగించి ఉప్మా చేశారు. ఉండలు కట్టింది. ఆవిడ వచ్చి తినేసి గుడారంలోకి వెళ్లి అటు తిరిగి పడుకుంది. ఆయన బయటే కూర్చున్నారు.

మర్నాడు పొద్దున్నే ఆవిడే లేపింది.

"లేవండి. నడుం లోతుకి రండి చాలు."

"ఇప్పుడా?"

"ఊరికే వెల్లకిలా పడుకోండి. నా చెయ్యి కిందే ఉంటుంది. ఒళ్లు బిగబట్టకండి, ఇదేం డ్రిల్లు కాదు."

ఆయన పదిసార్లు మునిగారు. పదకొండోసారి తేలారు. ఆకాశం వంక చూస్తూ అలాగే ఉండిపోయారు. ఆవిడ తన చెయ్యి ఎప్పుడో తీసేసింది. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. మొహం మాత్రం ఇంకా ముటముటలాడుతూనే ఉంది. కోపం వ్యాను ఎక్కాక కూడా పోలేదు, ఇంటికి చేరాక కొంచెం తగ్గింది.

నన్ను మస్తాన్ పరిశీలించి, ఇంక అతుకు నిలవదని తేల్చి, నాలుగు పట్టీలుగా కోసి ఇచ్చాడు. ఇప్పుడు ప్రతి వేసవిలో వ్యాను పైన గుడారం మూట నేనే కట్టి ఉంచుతాను. గుండ్రంగా ఉన్నప్పటి దర్జా లేదు కాని, ఈసారి దారంతా చూస్తూ వెళుతున్నాను.

ఈ ఏడాది మాస్టారు మడుగు సగం దాకా ఈది, రొప్పుతూ వెనక్కి వచ్చేశారు. అలివేలు ఆగలేదు. ఆయన పిలవలేదు. ఒడ్డున తడిబట్టలతో నిలబడి, ఆవిడ అవతలికి చేరేదాకా చూస్తూ ఉన్నారు. చేరాక ఆవిడ రాతి మీద కూర్చుని, చాలాసేపు రాలేదు. తువ్వాలు తీసి ఆయన ఎండలో ఆరేశారు, ఆవిడ వచ్చేసరికి వెచ్చగా ఉంటుందని.