మూడో రెక్క

పొద్దున్నే ఆ వీధిలో అందరిళ్లల్లోనూ అవే పనులు. నీళ్లు పట్టుకోవడం, పొయ్యి వెలిగించడం, దుప్పట్లు దులపడం, తలెత్తి ఫ్యాను రెక్కల మీద ఎవరి నిద్ర ఎంత పేరుకుందో చూసుకోవడం. మధ్యలో తెగిన నిద్ర ఎక్కడికి పోతుంది మరి? పైకి లేచి రెక్కల మీదే కూర్చుంటుంది. చూడ్డానికి దుమ్ములాగే ఉంటుంది కానీ, వేలు పెడితే గోరువెచ్చగా తగులుతుంది.

రెక్కలు బరువెక్కి ఫ్యాను ఊగడం మొదలెడితే ఫ్యాన్లాయనకి కబురు పెడతారు. ఆయన స్టూలెక్కి, ఎవరి నిద్ర వాళ్లకి విడిగా తుడిచి, పొట్లాలు కట్టి ఇచ్చి పోతాడు. తలగడ మీద చల్లుకుని పడుకుంటే ఆ కొరత తీరిపోతుంది.

డ్రైవరమ్మ మాత్రం ఆయన్ని పిలవక చాలా నెలలైంది. డ్రైవరు పోయినా ఆమెకి ఆ పేరు పోలేదు. వాళ్లింట్లో ఫ్యాను కుంటివాడి నడకలా తిరుగుతోంది. ప్రతి చుట్టుకీ ఒక రెక్క దగ్గర దిగబడుతుంది, మళ్లీ లేస్తుంది. టక్. టక్. ఆ చప్పుడు కింద పడుకుని, కూతురు తెల్లార్లూ కళ్లు తెరుచుకుని పైకి చూస్తూ ఉండేది. ఇక చూడలేక ఆ మధ్యాహ్నం డ్రైవరమ్మ ఫ్యాన్లాయన్ని పిలిచింది.

"చప్పుడొక్కటి ఆపు చాలు అన్నయ్యా. పిల్లకి కన్ను మూతపడ్డం లేదు. రెండు రెక్కలూ తుడువు. మూడోది మాత్రం ముట్టుకోకు."

మూడోది ఏదని ఆయన అడగలేదు. ఫ్యాను ఆగగానే ఆ రెక్క చలికి దుప్పటి కప్పుకున్న మనిషిలా కనబడింది.

"నిన్నొక గుమాస్తాగారింటికి వెళ్లాను చెల్లెమ్మా," అన్నాడు నట్లు బిగిస్తూ. "రెక్కలు అద్దాల్లా మెరిసిపోతున్నాయి. ఇదేంటమ్మా అనడిగితే, మా ఆయన నిద్రంతా ఆఫీసులోనే అయిపోతుంది, ఇంటిదాకా రాదు అంది వాళ్లావిడ."

ఇదివరకైతే డ్రైవరమ్మ పకపకా నవ్వేది. ఇప్పుడు స్టూలు కాలు ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

తల్లీకూతుళ్ల రెక్కల మీద ఉత్త దుమ్మే దొరికింది, పట్టని నిద్ర తెగేదెక్కడ? ఆయన బేరింగుకి గ్రీజు పెట్టాడు. మిగతా రెండు రెక్కలకీ ఇనుప బిళ్లలు అంటించి స్విచ్ వెయ్యమన్నాడు. కాసేపు బుద్ధిగా తిరిగి, ఫ్యాను మళ్లీ మొదలెట్టింది. టక్. టక్.

"ఇనుముతో తూగే బరువు కాదిది," అన్నాడు దిగుతూ. "పైన హుక్కు చూశావా? సగానికి అరిగిపోయింది. కింద మంచం ఎవరిది?"

"పిల్లది."

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆమె కొంగు వేలికి చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది.

"తీసెయ్యి అన్నయ్యా," అంది చివరికి.

ఆయన మెత్తటి గుడ్డ తీసి, పసిపిల్ల మూతి తుడిచినట్టు ఆ రెక్కని తుడిచాడు. "ఎన్ని ముక్కలమ్మా ఇందులో! ఏనాడూ కడుపునిండా నిద్రపోలేదా మా బావ?"

"రాత్రంతా బస్సు తోలి వచ్చి పడుకునేవాడు. కన్నంటుకునేలోపే మళ్లీ డ్యూటీ అని జీపొచ్చి హారన్ కొట్టేది. నేను లేపేదాన్ని. కళ్లు తెరవకుండానే చెయ్యెత్తి ఐదు వేళ్లూ చూపించేవాడు. ఇంకో ఐదు నిమిషాలని."

ఆఖరి రోజూ అలాగే చూపించాడు. బయట హారన్ మోగుతోంది. ఆమె నవ్వుతూ మొహాన నీళ్లు చిలకరించింది. ఆయనా నవ్వుతూనే లేచి వెళ్లాడు. ఊరి బయట మలుపు దగ్గర రోడ్డు తిరిగింది, ఆయన తిరగలేదు.

ఫ్యాన్లాయన పొట్లం ఆమె చేతిలో పెట్టాడు. "ఇది ఒక్కసారికే చెల్లెమ్మా. పడుకున్నంతసేపూ మనిషి పక్కనే ఉన్నట్టుంటుంది. లేచాక ఏమీ మిగలదు. చూసుకుని వాడుకో."

ఆయన వెళ్లాక ఆమె తన చాప పరుచుకుంది. పొట్లం ఒళ్లో పెట్టుకుంది. వెచ్చగా ఉంది, అప్పుడే లేచి వెళ్లిన మనిషి పక్కలా. ఒక్కసారి భర్త పక్కన పడుకుంటే చాలు, ఈసారి లేపకుండా. ఇంకేమీ వద్దనుకుంది.

చీకటి పడుతుండగా కూతురు వచ్చింది. వేలికి గుడ్డ చుట్టి ఉంది, గుడ్డ ఎర్రగా ఉంది.

"ఏమైందే?"

"కుట్టుమిషను మీద తూగాను. సూది దిగింది. ఇంట్లో రాని నిద్ర సరిగ్గా అక్కడే వస్తుంది, ఏం చెయ్యను?"

"మీ సూపర్‌వైజరు ఏమన్నాడు?"

"చొక్కా మీద రక్తం పడింది, కళ్లు కనబడ్డం లేదా అన్నాడు. రేపు వేళకి రాకపోతే ఇక రానే అక్కర్లేదన్నాడు." మంచం మీద కూలబడి పైకి చూసింది. "చప్పుడు లేదేంటమ్మా?" అని, తల్లి ఒళ్లోకి చూసి ఆగిపోయింది. "నాన్నదా?"

తల్లి తలూపింది.

"నువ్వు పడుకోమ్మా. నువ్వు మాత్రం నిద్రపోయి ఎన్నాళ్లైంది?"

పిల్ల కళ్ల కింద నల్లగా దిగిపోయి ఉంది. అలసిపోయినప్పుడు అచ్చం తండ్రి మొహమే. డ్రైవరమ్మ లేచింది. పిల్ల చూడకుండా, తను కూడా చూపు పక్కకి తిప్పుకుని, పొట్లం విప్పి కూతురి తలగడ మీద మొత్తం చల్లేసింది. కాగితం కూడా దులిపింది. "కాసేపు నడుం వాల్చు, అన్నం పెడతా" అంది.

అన్నం పెట్టే అవసరం రాలేదు. తల ఆనిందో లేదో పిల్ల నిద్రలోకి జారిపోయింది. ఆయనలాగే చెయ్యి తల కింద పెట్టుకుని, ఆయనలాగే సన్నగా గురకపెడుతూ. తల్లి మంచం పక్కన కూర్చుని, ఆ గురక వింటూ తెల్లారేదాకా ఉండిపోయింది.

పొద్దున సందు మొదట్లో కుట్టుకంపెనీ వ్యాను హారన్ కొట్టింది. అలవాటుకొద్దీ ఆమె చెయ్యి పిల్ల భుజం మీదకి వెళ్లింది. "లేవే, బండొచ్చింది."

పిల్ల కళ్లు తెరవలేదు. చెయ్యెత్తి ఐదు వేళ్లూ చూపించింది. అందులో ఒక వేలికి గుడ్డ కట్టు.

డ్రైవరమ్మ ఆ చేతిని మెల్లిగా పట్టుకుని దుప్పటి కిందకి చేర్చింది. బయటికెళ్లి వ్యాను పక్కన నిలబడింది.

"మా అమ్మాయి రాదు బాబూ."

"సూపర్‌వైజరు పని తీసేస్తాడు పిన్నిగారూ. కావాలంటే ఐదు నిమిషాలు ఆగుతాను, లేపండి."

"తీసేస్తే తీసెయ్యనీ. నువ్వు హారన్ మాత్రం కొట్టకు."

వ్యాను చప్పుడు లేకుండా సందు దాటింది. ఆమె లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేసి, పైకి చూసింది. ఫ్యాను ఏ తొట్రుపాటూ లేకుండా తిరుగుతోంది. ఇన్నాళ్లూ ఎంత జోరుగా తిరిగినా ఆయన రెక్క ఏదో ఆమె పోల్చుకునేది. ఇప్పుడు ఎంతసేపు చూసినా తెలియలేదు.