ఛార్జి అప్పగింత

అత్తగారి గదిలోంచి ఖాళీ టీ కప్పు పట్టుకుని బయటికొచ్చింది తాళాలమ్మ. వస్తూ వస్తూ తలుపు దగ్గరికి లాగి, గొళ్ళెం పెట్టి, సరిగ్గా పడిందో లేదోనని గుంజి చూసి మరీ వంటింట్లోకి వెళ్ళిపోయింది. కప్పు కడిగింది. కూరలు తరిగింది. మొగుడి చొక్కాలు ఇస్త్రీ చేసింది. సందు చివరి కొట్టుకెళ్ళి పాలు తెచ్చింది. సాయంత్రం ఆయనగారు ఆఫీసు నుంచి వచ్చి వాళ్ళమ్మ గదికి బయట గొళ్ళెం చూసేదాకా, ముసలావిడని లోపల పెట్టి మూసేసిన సంగతి ఆమె బుర్రకే తట్టలేదు.

తాళాలమ్మ అసలు పేరు కాదులెండి. ఆడవాళ్ళ జైల్లో ఖైదీలు పెట్టిన పేరు. అక్కడ హెడ్ వార్డర్ ఆమె. తలుపు వేస్తే గుంజి చూడాలి, అది ఉద్యోగంలో చేరిన రోజు నేర్పిన పాఠం. ఇన్నేళ్ళుగా గుంజీ గుంజీ ఆ చెయ్యి ఆమె మాట వినడం మానేసింది. ఇంకో పాఠం కూడా ఉంది. బదులు మనిషి వచ్చి, తాళాలు అందుకుని, "తీసుకున్నాను" అని నోరు తెరిచి అనేదాకా డ్యూటీలో ఉన్నవాళ్ళు అడుగు కదపకూడదు. అన్నాక మాత్రం ఇంటికెళ్ళిపోవచ్చు, అడిగేవాళ్ళుండరు. అలా రోజూ ఒకరికి తాళాలు అప్పగించి వచ్చి వంటిల్లు అందుకునేది. వంటిల్లు ఆమె దగ్గర్నుంచి అందుకునే మనిషి మాత్రం ఇంతవరకు రాలేదు.

ఆయనగారు ఇల్లు పీకి పందిరేశారు. "ఇది ఇల్లనుకున్నావా, జైలనుకున్నావా?" అన్నారు. కోపంలో అన్నారు గానీ, కూర్చుని జవాబు ఆలోచించదగ్గ ప్రశ్నే అది. ఆమె ఆలోచించలేదు. పొరపాటైపోయిందంది. అత్తగారికి మంచినీళ్ళిచ్చింది. ఆవిడ గ్లాసు అందుకుని తాగింది. సిగ్గు పడాల్సిన చోట, ఏడవాల్సిన చోట తాళాలమ్మకి ఏమీ రాలేదు. కొంతకాలంగా ఇంతే. పళ్ళ డాక్టరు ఇంజెక్షనిచ్చాక చెంప ఎలా ఉంటుందో, ఒళ్ళంతా అలా ఉంటోంది.

ఆయనగారిదీ ఆ శాఖే. కాకపోతే జైలు గోడ లోపల ఒక్క పూటైనా పనిచేసిన పాపాన పోలేదు. ప్రధాన కార్యాలయంలో, బదిలీలు చూసే సెక్షన్లో ఫ్యాను కింద సీటు. భోజనం దగ్గర శాఖ గురించి పాఠం చెప్పడం ఆయనకి మహా సరదా. అందరికంటే పైన డైరెక్టరుగారు, ఆయన కింద ప్రాంతానికో అధికారి, వాళ్ళ కింద పెద్ద జైళ్ళు, వాటి కింద చిన్న జైళ్ళు, ఒక్కో జైలుకీ సూపరింటెండెంటు, ఆ కింద జైలర్లు, డిప్యూటీలు, హెడ్ వార్డర్లు, అట్టడుగున వార్డర్లు. కంచంలో మిగిలిన మెతుకుల్ని వేలితో వరసలుగా జరిపి మరీ చూపిస్తారు. ఆ కంచం ఎత్తి కడిగే మనిషి ఏ వరసలో వస్తుందో చెప్పరు. ఆమె కూడా ఎప్పుడూ అడగలేదు.

ఆ పూట మాత్రం పాఠం మానేసి అసలు సంగతికొచ్చారు. ఆమెకి డిప్యూటీ జైలర్‌గా ప్రమోషన్ వచ్చింది. వేరే ఊళ్ళో కొత్తగా కట్టిన ఆడవాళ్ళ జైలు. రైల్లో సగం రోజు ప్రయాణం, ఉండడానికి క్వార్టరిస్తారు. వెళ్తుందో వెళ్ళదో మర్నాడే చెప్పెయ్యాలి. ఇదివరకు రెండుసార్లు ఇలాగే వస్తే కుటుంబ బాధ్యతల వల్ల వద్దని రాసిచ్చింది. మాటలు ఆయనవి, సంతకం ఆమెది. ఈసారీ వద్దంటే ఇంక అడగరు. రిటైరయ్యేదాకా హెడ్ వార్డరే.

"ఇంట్లో మనిషిని పెట్టి గొళ్ళెం వేసే దానివి, జైలుకేం డిప్యూటీవవుతావు? ఒళ్ళు తెలియట్లేదు నీకు. పాత మాటలే మళ్ళీ రాసిచ్చెయ్" అన్నారు.

మనిషిని పెట్టి గొళ్ళెం వెయ్యడమేగా అక్కడి ఉద్యోగం! ఇదివరకైతే ఆమెకి నవ్వాగేది కాదు. ఇప్పుడు సరేనంది. ఆయన తృప్తిగా మజ్జిగ పోయించుకున్నారు.

పొద్దున్నే అత్తగారికి తల దువ్వుతూ, నిన్నటికి ఏమీ అనుకోవద్దంది తాళాలమ్మ.

"మధ్యాహ్నమే చూశాను గొళ్ళెం పడి ఉండడం" అంది ఆవిడ.

"మరి పిలవలేదేం అత్తయ్యా? తీసేదాన్ని కదా."

"తీస్తావనే పిలవలేదు." ఆవిడ గొంతు తగ్గించింది. "ఈ ఇంటికొచ్చాక ఎవరు కేకేసినా లేచి వెళ్ళక్కర్లేదని తెలిసిన పూట అదొక్కటేనే అమ్మాయ్. హాయిగా నిద్రపోయాను. నువ్వెళ్ళే ఆ క్వార్టర్లో తలుపుకి లోపల్నుంచి గొళ్ళెం ఉందేమో చూసుకో."

నువ్వెళ్తే అనలేదావిడ, నువ్వెళ్ళే అంది. తాళాలమ్మ చేతిలో దువ్వెన జడ మధ్యలో ఆగిపోయింది. లోపలెక్కడో సన్నగా నొప్పి మొదలైంది. మత్తు దిగుతున్నప్పుడు చెంప అలాగే సలుపుతుంది. నొప్పెట్టినందుకు ఆమెకి సంతోషంగా కూడా ఉంది. జడ పూర్తిచేసి, రిబ్బను కట్టి, వెళ్ళి యూనిఫాం వేసుకుంది.

ఆయనగారు ముందుగదిలో పేపరు చదువుకుంటున్నారు. ఆమె ఎదురుగా నిటారుగా నిలబడి తాళాలగుత్తి చాపింది. ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే అలవాటుగా అందుకున్నారు.

"పెద్దది బీరువాది, చిన్నది సామాన్ల గదిది. అత్తయ్యకి తినకముందు తెల్ల బిళ్ళ, తిన్నాక పసుపుపచ్చది. పాలు కాచాను, కూర చెయ్యలేదు. వంటింటి కుళాయి కారుతోంది, కింద బకెట్ పెట్టాను, నిండితే పారబొయ్యాలి."

"ఏంటిదంతా?"

"ఛార్జి అప్పగిస్తున్నానండీ. ప్రమోషన్ తీసుకుంటానని ఇవాళే చెప్పేస్తున్నాను."

ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నారు. అమ్మ సంగతేంటన్నారు, లోకం ఏమనుకుంటుందన్నారు, నా సెక్షన్లో తలెత్తుకోవద్దా అన్నారు. ఆమె అలాగే నిలబడి ఉంది. ఆ ఒక్క మాట కోసం నిలబడిందని ఆయనకి అర్థమైంది. శాఖలో ఉన్నవాడాయె, తెలియకేం! పళ్ళు బిగించుకుని కూర్చున్నారు.

గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది అత్తగారు. కొడుకు చేతిలోంచి తాళాలగుత్తి తీసుకుని నడుముకి దోపుకుంది.

"తీసుకున్నాను అమ్మాయ్, బయల్దేరు" అంది. "తాళాలు నా దగ్గరుంటాయి. బకెట్ వీడు పారబోస్తాడు."

తాళాలమ్మ బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. చెయ్యి గొళ్ళెం దాకా వెళ్ళింది. ఆ చేతిని వెనక్కి తీసుకుని మెట్లు దిగింది.