ఇసుక గుట్ట మీద కాఫీ

"ఇసుక ఆడవాళ్ళ మాట వినదు మేడం" అన్నాడు మా ఆయన ముహన్నా, ఎప్పటిలాగే నవ్వుతూ.

అప్పుడు నేను రొట్టెల పిండి కలుపుతున్నాను. మా వంట గుడారానికీ బళ్ళు ఆగే చోటుకీ మధ్య ఖర్జూరపు మట్టల దడి ఒక్కటే అడ్డం. అవతల మాట్లాడిన ప్రతి మాటా ఇవతల వినిపిస్తుంది. గుట్టల మీద సవారీకి బయలుదేరే ముందు ఏ ఆడ అతిథైనా "నేను కాసేపు నడపనా?" అని అడిగితే చాలు, ఆయన ఆ ముక్క అంటాడు. మగవాళ్ళు నవ్వుతారు. వాళ్ళ పక్కనున్న ఆడవాళ్ళు కూడా మర్యాదకి నవ్వుతారు. పదకొండేళ్ళుగా, ఈ క్యాంపు పెట్టినప్పటి నుంచీ, నేను దడికి ఇవతల పిండి పిసుకుతూ ఆ నవ్వు వింటూనే ఉన్నాను. ఈరోజు అడిగినావిడ మాత్రం నవ్వలేదు. మార్లీస్ అని, అరవై దాటిన జర్మనీ ఆవిడ. "నేను మా ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపాను" అంది. "రోడ్డు వేరు, ఇసుక వేరు మేడం. ఇది మా తాతల నుంచి రక్తంలో వచ్చిన విద్య" అన్నాడు మా ఆయన. నాకు ఒళ్ళు మండింది. పిండి మీద నాలుగు గుద్దులు ఎక్కువ పడ్డాయి, పాపం దాని తప్పేమీ లేకపోయినా.

ఎవరి తాతలు? ఆయనది బిదియా ఊరు. వాళ్ళ తాత ఖర్జూరపు చెట్లెక్కి గెలలు కోసేవాడు. మంచి మనిషే అంటారు, కానీ బతికినంత కాలం తోట దాటి ఇసుకలోకి అడుగు పెట్టలేదు. ఇసుకవాళ్ళం మేము. పన్నెండేళ్ళప్పుడు మా నాన్న పికప్ వెనకాల నీళ్ళ ట్యాంకు పెట్టుకుని ఒంటెల దగ్గరికి నేనే నడుపుకెళ్ళేదాన్ని. కాళ్ళు అందక వీపు వెనకాల ఒంటె జీను దిండు పెట్టుకునేదాన్ని. అన్నయ్యలు మస్కట్‌లో ఉద్యోగాలకి వెళ్ళిపోయారు, నాన్నకి చూపు తగ్గింది, ఒంటెలకేమో దాహం ఆగదు. నేను నడపడం గురించి ఎవరూ గొప్పగానూ అనుకోలేదు, తప్పుగానూ అనుకోలేదు.

పెళ్ళయిన వారానికి పుట్టింటి నుంచి నన్ను తీసుకెళ్తూ ముహన్నా మొదటి గుట్ట దగ్గరే బండిని ఇసుకలో దింపేశాడు. చక్రాలు తిరుగుతున్న కొద్దీ దిగబడుతున్నాయి, ఆయన తొక్కుతున్న కొద్దీ తొక్కుతున్నాడు. నేను దిగాను. చేతులనిండా పెళ్ళి గోరింటాకు, మొహానికి మా అమ్మ నీలిమందు అద్ది కుట్టిన ముసుగు. ఘాఫ్ చెట్టు పుల్ల విరిచి నాలుగు టైర్లలోనూ గాలి తీసి, చక్రాల వెనకాల ఇసుక తోడి, స్టీరింగ్ దగ్గర కూర్చుని వెనక్కి దింపి, గుట్ట చుట్టూ తిప్పి ఇంటిదాకా నడిపాను. ఆయన పక్క సీట్లో కూర్చున్నాడు. ఊరు కనపడగానే "ఇక్కణ్ణించి స్టీరింగ్ నేను పడతాను. ఎవరికీ చెప్పకు" అన్నాడు. నాకు పంతొమ్మిదేళ్ళు. మొగుడు నాతో ఒక రహస్యం పంచుకున్నాడని మురిసిపోయాను. ఆ చలికాలమంతా మనుషులు తిరగని చోటికి తీసుకెళ్ళి ఆయనకి ఇసుక నేర్పాను. అన్నీ నేర్చుకున్నాడు, ఒక్కటి తప్ప. బండి ఆగిపోతోందని తెలియగానే కాలు తీసేయాలి. ఆయన తియ్యడు. చూసేవాళ్ళు పక్కనుంటే అసలు తియ్యడు.

అందుకే మా క్యాంపులో 'గుట్ట మీద కాఫీ' పుట్టింది. మా దగ్గరికి వచ్చిన అతిథులు ఇంటికెళ్ళి అన్నిటికన్నా ఎక్కువ మెచ్చుకుంటూ రాసేది దాని గురించే. "అనుకోకుండా ఎడారి మధ్యలో వేడి కాఫీ, ఎంత ఆదరణ!" అని. అసలు సంగతి ఏమిటంటే, బండి దిగబడగానే ఆయన నాకు ఫోను చేసి, అతిథులకి వినపడేలా "కాఫీ తీసుకురా" అంటాడు. నేను పిండి చేతులతోనే పికప్ తీసి వెనకదారిన వెళ్తాను. ఆయన కాఫీ కూజా, మేం దల్లా అంటాం, అందుకుని, అతిథులందర్నీ గుట్ట అవతలికి తీసుకెళ్ళి, కాఫీ పోసి మా ఆచారాలు చెబుతుంటాడు. ఈలోపు ఇవతల నేను మోకాళ్ళ మీద కూర్చుని ఇసుక తోడి, బండి తీసి, గట్టి నేల మీద నిలబెట్టి, వాళ్ళు తిరిగొచ్చేసరికి మాయమైపోవాలి. వచ్చాక "ఎలా తీశారు?" అని అడిగితే "ఇసుకతో మాట్లాడటం తెలియాలి" అంటాడు. మా అత్త ఉన్నన్నాళ్ళూ నాతో "నీకేం తల్లీ, నీడపట్టున కూర్చుని వంటేగా" అనేది. ఆవిడకి కూడా చెప్పలేదు. చెబితే ఆయన పరువు పోతుందని. నా నడుము పోయింది, అది వేరే సంగతి.

వంట కాక నాకింకో కొలువుంది. సవారీ నుంచి తిరిగొచ్చిన వాళ్ళు చూడటానికి ఒక గుడారం వేశాడు. ఎర్ర తివాచీలు, గోడకి ఒంటె పట్టీలు, మధ్యలో ముసుగు కట్టుకుని నేను. "ఇసుక ప్రాంతపు స్త్రీ" అని చూపిస్తాడు, పరాయివాళ్ళ ముందు నా పేరు ఎత్తడు కనక. నేను కాఫీ పోస్తాను. తాగినవాళ్ళు ఖాళీ కప్పుని అటూ ఇటూ ఊపి ఇస్తే చాలని అర్థం. ఊపకుండా చాస్తే మళ్ళీ పోయాలి. పోసేవాళ్ళు కూర్చోకూడదు, విసుక్కోకూడదు. పాపం ఆ విదేశీయులకి తెలియక ఐదో కప్పు, ఆరో కప్పు దాకా చాస్తూనే ఉంటారు. మా ఆయన సరదాగా చూసి చూసి చివర్లో ఆ కిటుకు చెబుతాడు. అందరూ నవ్వుకుంటారు. అప్పటిదాకా నేను దల్లా పట్టుకుని నిలబడే ఉంటాను.

ఇదంతా నేను మింగాను. ఈ రోజు మధ్యాహ్నం ఆయన తెచ్చినదాన్ని మాత్రం మింగలేకపోయాను.

మా మూడో బండి డ్రైవరు దుఖ్మ్ రేవులో పని దొరికి వారం క్రితం మానేశాడు. అప్పటి నుంచి మూడు బళ్ళ జనాన్ని రెండింట్లో కుక్కుతున్నారు. మా అమ్మాయి ఘాలియాకి పద్దెనిమిది. లైసెన్సు మొదటిసారికే తెచ్చుకుంది. ఇసుక నేను నేర్పాను, పద్నాలుగో ఏట నుంచి. పొద్దున టిఫిను దగ్గర "నాన్నా, మూడో బండి నేను నడుపుతాను" అంది. ఆయన దాని వైపు చూడలేదు, నా వైపు చూశాడు. "నీ కూతురికి చెప్పు. పరాయి మగాళ్ళని ఎక్కించుకుని గుట్టల మీద తిరుగుతుందా? ఊళ్ళో తలెత్తుకోనక్కర్లేదా?" అన్నాడు. సరే. మధ్యాహ్నానికి సంతలో కొన్న కొత్త ముసుగు ఒకటి పట్టుకొచ్చాడు, అంచంతా బంగారు రంగు జరీ. "సాయంత్రం నుంచి మీ అమ్మతో పాటు గుడారంలో కూర్చో. వయసు పిల్ల ఉంటే ఫొటోలు బాగా వస్తాయి" అని దాని ఒళ్ళో పడేసి వెళ్ళాడు. అంటే పరాయి మగాళ్ళు నా కూతురి వెనక సీట్లో కూర్చుంటే పరువు పోతుంది, ఎదురుగా కూర్చుని ఫొటోలు తీస్తే పోదు.

నా ముసుగు నా ఇష్టం. మా అమ్మ కట్టింది, నేను కట్టాను. ఎవరి మొహమూ చూడబుద్ధి కానప్పుడు దాని వెనక హాయిగా ఉంటుంది కూడా. ఘాలియా ఏనాడూ కట్టుకోలేదు, నేను కట్టమనలేదు. ఇది మాత్రం వేషం.

బళ్ళు వెళ్ళిపోయాక ఘాలియా వంట గుడారంలోకి వచ్చి నా ఎదురుగా నిలబడింది. చేతిలో ముసుగు.

"నాన్న చెబితే కట్టుకోను. నువ్వు చెబితే కట్టుకుంటాను. చెప్పమ్మా" అంది.

నేను చెప్పలేదు. చేతులు పిండిలో తిరుగుతూనే ఉన్నాయి. సిగ్గేసింది. కట్టుకోవద్దని అనడానికి రెండు మాటలు చాలు, ఆ రెండు మాటలూ ఇరవై ఏళ్ళుగా నా నోట్లోంచి రాలేదు. ఇప్పుడు ఊరుకుంటే రేపు అది దల్లా పట్టుకుని నిలబడుతుంది, ఎవడో ఊపని కప్పు చాస్తాడు, అది పోస్తూ ఉంటుంది. తర్వాత ఇంకో ఇంట్లో ఇంకో దడి వెనకాల నిలబడి వింటుంది.

ఫోను మోగింది.

"కాఫీ తీసుకురా. పెద్ద గుట్ట దగ్గర" అన్నాడు మా ఆయన, అతిథుల ముందు పెట్టే ఆ తియ్యటి గొంతుతో.

పిండి మీద తడిగుడ్డ కప్పాను. మాంసం నిన్న రాత్రి నుంచి గుంటలో కాలుతోంది, దానికి నాతో పని లేదు. దల్లాలోకి కాఫీ వంచుకుని "ఆ ముసుగు అక్కడ పెట్టు. పికప్ తాళాలు తియ్యి" అన్నాను.

"నువ్వు నడపవా?"

"నేను దల్లా పట్టుకోవాలిగా. ఒలికిపోతుంది."

ఘాలియా నా మొహంలోకి చూసింది. తాళాలు అందుకుంది.

పెద్ద గుట్టకి సగం ఎత్తులో, ముక్కు పైకెత్తి, ఇరుసుల దాకా కూరుకుపోయి ఉంది బండి. ఐదుగురు అతిథులు పక్కన నిలబడి ఉన్నారు, మార్లీస్ నడుం మీద చేతులేసుకుని చక్రాల్నే చూస్తోంది. రెండో బండి అప్పటికే గుట్ట దాటేసినట్టుంది, దుమ్ము కూడా లేదు. డ్రైవరు సీటులోంచి ఘాలియా దిగడం చూసి మా ఆయన గబగబా నా దగ్గరికొచ్చాడు.

"దీన్నెందుకు తెచ్చావ్?"

"నేను తేలేదు. అదే నన్ను తెచ్చింది."

"సరే సరే. నేను వీళ్ళని అవతలికి తీసుకెళ్తాను. నువ్వు తొందరగా కానిచ్చెయ్."

చెయ్యి చాచాడు, దల్లా కోసం. ఇచ్చాను.

"కాఫీ పొయ్యి. కానీ ఇక్కడే పొయ్యి" అన్నాను.

"ఇక్కడా? వీళ్ళు చూస్తారు."

"చూడనీ."

మార్లీస్ దగ్గరికొచ్చి ఇంగ్లీషులో "బండి ఎవరు తీస్తారు?" అని అడిగింది. నా ఇంగ్లీషు అతిథుల దగ్గర ఏరుకున్న ఇంగ్లీషు, వంకరటింకర. అయినా ఆ మాటలకి సరిపోయింది. "నా కూతురు తీస్తుంది. దానికి నేను నేర్పాను. ఈయనకి కూడా నేనే నేర్పాను. బండి దిగబడినప్పుడల్లా తీసేది నేనే. మీరు కాఫీ తాగుతుంటారు, అంతే" అన్నాను.

మా ఆయన చేతిలో దల్లా ఒరిగి కాఫీ ధారగా ఇసుకలోకి పోయింది. తర్వాత ఆయన నవ్వాడు. "మా ఇంట్లోవాళ్ళకి వేళాకోళం ఎక్కువ" అన్నాడు.

"వేళాకోళం కాదు" అన్నాను. ఇన్నేళ్ళు ఎందుకు ఆగానా అని నా మీద నాకే కోపం వచ్చింది.

ఘాలియా అప్పటికే పని మొదలుపెట్టింది. పుల్లతో నాలుగు టైర్లలో గాలి తీసింది, మోకాళ్ళ మీద కూర్చుని చక్రాల వెనకాల ఇసుక తోడింది. స్టీరింగ్ దగ్గర కూర్చుంది. వాలులో చక్రం ఒక్క పిసరు పక్కకి తిరిగిందా, బండి దొర్లుతుంది. 'తిన్నగా, తిన్నగా' అని అరవబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. తెలుసు దానికి. పైకి వెళ్ళిన జాడల మీదే తిన్నగా వెనక్కి దిగింది. కింద ఆగి, ఎడమవైపు గాలికి గట్టిపడిన ఇసుక చూసుకుని, ఒకే ఊపున చుట్టూ తిరిగి గుట్ట మీద నిలబెట్టింది. బస్సు నడిపిన ఆవిడ చప్పట్లు కొట్టలేదు, ఒకసారి తలాడించింది. పైకి నడిచి, ఘాలియా పక్క సీటు తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది. మిగతా నలుగురూ ఆవిడ వెనకే.

"ఎక్కడికి?" అన్నాడు మా ఆయన.

"సూర్యాస్తమయం చూడటానికి. అందుకేగా వచ్చారు వాళ్ళు" అన్నాను.

ఆయన్ని పికప్‌లో నేనే క్యాంపుకి తీసుకొచ్చాను. ఊరు కనపడలేదు కనక స్టీరింగ్ అడగలేదు.

రొట్టెలు కాల్చాను. అది మానలేదు, ఆకలితో ఉన్నవాళ్ళ మీద నాకేం కోపం? గుంట తవ్వి మాంసం తీసి, అరిటాకులు విప్పి పళ్ళేల్లో సర్దాను. చూపుల గుడారంలో ఆ కొత్త ముసుగుని మేకుకి తగిలించాను, ఫొటో కావలసినవాళ్ళు దాన్నే తీసుకున్నారు. రోజూ అయితే వడ్డించి వంట గుడారంలోకి వెళ్ళి, మిగిలింది నిలబడి తింటాను. ఈ రోజు తివాచీ మీద, ఘాలియాకీ మార్లీస్‌కీ మధ్య కూర్చున్నాను. నా రొట్టె వేడిగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో చాలా కాలానికి తెలిసింది. బాగుంటుంది.

భోజనాలయ్యాక మా ఆయన తాత కథ చెప్పే వేళ. ఎవరూ అడగలేదు. మార్లీస్ తన కప్పు ఆయన వైపు చాచింది. అతిథి చాచాక పోయకుండా ఎలా ఉంటాడు? దల్లా తీసుకుని పోశాడు. పక్కవాళ్ళు చాచారు, పోశాడు. వరసలో నా దగ్గరికొచ్చి వంగి, చెవి దగ్గర "సరదా తీరిందిగా. రేపట్నుంచి దాన్ని గుడారంలో కూర్చోబెట్టు" అన్నాడు.

"మూడో బండి తాళాలు దాని దగ్గరే ఉంటాయి" అన్నాను, వంగకుండా, అందరికీ వినపడేలా. కప్పు చాచాను.

"నస్రా" అన్నాడు. పరాయివాళ్ళ ముందు ఆయన నోట నా పేరు రావడం అదే మొదలు.

"పొయ్యి."

అందరూ చూస్తున్నారు. పోశాడు. తాగి మళ్ళీ చాచాను. పోశాడు. మూడోసారి పోస్తూ "ఇంక చాలు కదా?" అన్నాడు, దాదాపు బతిమాలుతున్నట్టు.

ఆ ఖాళీ కప్పుని అటూ ఇటూ ఊపితే చాలు, ఆయన వెళ్ళి కూర్చోవచ్చు. ఘాలియా నా చేతి వైపే చూస్తోంది.

నేను ఊపలేదు.