ఇబ్బందేమీ లేదు సార్

మా ఆయన పద్దెనిమిదేళ్ళు సైన్యంలో లారీ నడిపాడు. ఏటా వైద్యపరీక్ష కాగితంలో ‘ఏమైనా ఇబ్బంది ఉందా’ అనే గడి ఉంటుంది. ప్రతి ఏడూ అందులో ‘లేదు’ అని రాసి, ముత్యాల్లాంటి సంతకం పెట్టాడు. మొదటి తొమ్మిదీ నిజం. తర్వాతి తొమ్మిదీ పచ్చి అబద్ధం.

తొమ్మిదో ఏట కొండదారిలో లారీ జారి, ఇనుప పెట్టె ఒకటి నడుం మీద పడింది. పిర్రలోంచి మడమ దాకా దిగే నరం నలిగిపోయింది. నొప్పి అని చెప్పుకున్నవాణ్ణి దళంలోంచి తప్పిస్తారట, పైగా పనిదొంగ అని పేరు పెడతారట. అందుకని ఈ మహానుభావుడు తన నేస్తమైన కాంపౌండరు చేత దొంగచాటుగా సూదిమందు వేయించుకుంటూ బండి లాగాడు. రిజిస్టరులో ఒక్క ముక్క లేదు. ఇప్పుడు ఏ ఆఫీసుకు వెళ్ళినా ఆయన సంతకాలే ఆయన ముందు పెడుతున్నారు.

రిటైరయ్యాక గోదాము గేటు దగ్గర కాపలా ఉద్యోగం దొరికింది. పన్నెండు గంటలు నిలబడాలి. ఇంటికొచ్చేసరికి ఎడమకాలు కొయ్యబారిపోయి ఉంటుంది. బూట్లు నేనే విప్పుతాను. ఉద్యోగం మానేస్తే పొయ్యి వెలగదు. చేస్తుంటేనేమో, పన్నెండు గంటలు నిలబడేవాడికి వైకల్యమేమిటి అని వికలాంగ పింఛను అర్జీ రెండుసార్లు కొట్టేశారు. అడకత్తెరలో పోకచెక్క బతుకు. ఈ మూడో మెడికల్ బోర్డే ఆఖరిది. ఇదీ పోతే ఆ కాలు పూర్తిగా చచ్చేదాకా ఆయన ఆ గేటు దగ్గర నిలబడాల్సిందే.

అర్జీలు రాసిపెట్టే గుమాస్తా కూడా మాజీ సైనికుడే. నేను అన్నయ్యగారూ అంటాను. బోర్డుకు ముందురోజు ఇంటికొచ్చి మరీ చెప్పాడు.

“చూడు బావా, రేపొక్కరోజు నీ పౌరుషం ఇంట్లో పెట్టి రా. ఎక్కడ నొప్పెడితే అక్కడ అబ్బా అను.”

“అబ్బా అనాలా? వాళ్ళ ముందా?”

“అడగందే అమ్మైనా పెట్టదు. నా ముందు అను, చూద్దాం.”

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచాడు. సిగ్గుతో మెడ దాకా ఎర్రబడ్డాడే గాని, మాట బయటికి రాలేదు. పెళ్ళిచూపుల్లో నేను కూడా అంత సిగ్గుపడలేదు.

బోర్డు గదికి ఒకటే తలుపు. కిటికీకి అడ్డంగా ఫైళ్ళ బీరువా. మేమిద్దరం వెళ్ళేసరికి లోపల ఇద్దరు డాక్టర్లు ఉన్నారు. బూట్లూ మేజోళ్ళూ విప్పించి, బల్ల మీద పడుకోబెట్టి కాలు ఎత్తారు. జానెడు లేచేసరికి ఆయన పళ్ళు కరిచిపట్టాడు.

“నొప్పా?”

“కొంచెం సార్.”

కొంచెమట. నాకు ఒళ్ళు మండిపోయింది. తర్వాత ఒకాయన సన్నని సూదితో కాలివేళ్ళ మీద పొడుస్తూ, పొడిచినప్పుడల్లా తెలుస్తోందా అని అడిగాడు. తెలుస్తోంది సార్, తెలుస్తోంది సార్. మా ఆయన చూపు ఆ సూది మొన మీదే ఉండడం నేను గమనించాను. కళ్ళతో చూసి జవాబు చెబుతున్నాడు. ఆయన్ని నేను పదిహేనేళ్ళుగా ఎరుగుదును, ఆ డాక్టరు పది నిమిషాలుగా ఎరుగును.

దింపి కుర్చీలో కూర్చోబెట్టారు. అప్పుడు తలుపు తెరుచుకుని, బోర్డు పెద్ద లోపలికి వచ్చాడు. యూనిఫారంలో ఉన్నాడు. భుజాల మీద నక్షత్రాలు.

మా ఆయన లేచి నిలబడ్డాడు. చెయ్యి ఆనించలేదు, కుర్చీ పట్టుకోలేదు. ఉత్త కాళ్ళతో మడమలు కలిపి, ఛాతీ విరిచి, నిటారుగా. ఆలోచిస్తే లేచేవాడు కాదు. ఆలోచించడానికి ముందే లేచిపోయాడు.

చిన్న డాక్టరు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో చదవక్కర్లేదు.

“కూర్చోండి,” అన్నాడు పెద్దాయన.

“ఫర్వాలేదు సార్.”

కూర్చోలేడు. అంత విసురుగా లేచాక నడుం పట్టేసింది, ఇక వంగదు. చెమటబొట్టు ముక్కు కొసకు వచ్చి వేలాడుతోంది. దాన్ని తుడుచుకోవడానికి కూడా చెయ్యి కదపలేదు. వాళ్ళకు మాత్రం ఉక్కులాంటి మనిషి కనిపిస్తున్నాడు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఆ నిమిషంలో ఆయన్ని అసహ్యించుకున్నానంటే అబద్ధం కాదు.

పట్టుకుందామని పక్కకు వెళ్ళాను. వద్దన్నట్టు కంటితోనే సైగ చేశాడు.

“గేటు దగ్గర కాపలా చేస్తున్నారా?” ఫైలు చూస్తూ అడిగాడు పెద్దాయన.

“చేస్తున్నాను సార్.”

అప్పుడు నేను నా చెప్పుకాలు ఎత్తి మా ఆయన ఎడమకాలి వేళ్ళ మీద పెట్టాను. పెట్టి, బరువంతా దాని మీదే వేశాను. నేను బక్కదాన్నేమీ కాదు, మా ఆడపడుచు నన్ను గాదె అంటుంది.

“ఇప్పుడు ఇబ్బందేమైనా ఉందా?” ఫైలులోంచి తలెత్తకుండానే అడిగాడు పెద్దాయన.

“ఇబ్బందేమీ లేదు సార్,” అన్నాడు మా ఆయన, ఎదుటి గోడను చూస్తూ.

పెద్దాయన కలం తీసి రాయడం మొదలుపెట్టాడు.

“సార్,” అన్నాను. “నేను ఆయన కాలు తొక్కి నిలబడ్డాను. ఆయనకింకా తెలియదు.”

ముగ్గురూ కిందికి చూశారు. నా చెప్పు కింద ఆయన వేళ్ళు నలిగి తెల్లబడి ఉన్నాయి. పెద్దాయన సగం రాసిన వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, కుర్చీలోంచి లేచి వచ్చాడు.

అందరి తర్వాత మా ఆయన తల దించాడు. నా పాదాన్నీ, దాని కింది తన పాదాన్నీ చాలాసేపు చూశాడు. “ఎంతసేపైంది?” అని నన్నడిగాడు. ఆయన గొంతులో భయం వినడం నాకదే మొదలు.